వంగినా ఉబ్బని రెప్ప

ఈరమ్మా, మన లచ్చిమి కంటిరెప్ప మీది గడ్డ పోయిందే, చూపు నిలిచిందే.

నువ్వు కాలం చేసినాంక అది శానా పెరిగి, కన్ను తెరవనీకుండా చేసె. కోసిగి నుంచి కర్నూలు ఆసుపత్రికి తోలుకపోతి. డాక్టరు కోసి తీసినాడు. నాకు నమ్మకం కుదరక, తీసింది చూపించమంటి.

"ఏమప్పా, నా మీద అనుమానమా?" అనె.

"అనుమానం కాదు సామీ, చూస్తే నమ్మకం గట్టిపడుతుంది" అంటి.

సీసాలో చూపించె. నేరేడు పండు మాదిరి ఉండాది. రక్తనాళాలు చిక్కుపడి లేచిన గడ్డంట, శానా అరుదంట. పులిపిరికి కట్టినట్టు దానికి గుర్రపు వెంట్రుక బిగించింటే, రక్తం ఆగక బిడ్డ దక్కేది కాదంట. మా అమ్మ తెచ్చిన వెంట్రుకను నువ్వు పొయ్యిలో పారేసినావు కదా, అదే బిడ్డను కాపాడింది.

అయినా నా అనుమానం యాడ పోతుంది? వంగితే ఆ గడ్డ ఉబ్బేది కదా. ఇంటికొచ్చినాంక పొద్దున్నే ముగ్గు వేయమని, పక్కనే కూర్చుని చూస్తి. ఉబ్బలేదు. మళ్ళీ వేయమంటి.

"నాయనా, మన వాకిలంతా ముగ్గే అయిపోయె. ఇంగ పక్కింటోళ్ల వాకిట్లో వేయల్లనా?" అని నవ్వె. రెండు కండ్లూ సమంగా నవ్వినాయి. అప్పుడు నమ్మితి.

ఈడోళ్లకంతా నేను చెప్తా. ఆడ నీ దగ్గరుండే వాళ్లకు నువ్వు చెప్పల్ల: మీ నాయనకు, మా చిన్నాయనకు, బిడ్డను సంకనెత్తుకుని తిరిగిన మీ అక్కకు. కడాకు, నీ వెనకాలే ఆడికొచ్చిన మా అమ్మకు. వెంట్రుక సంగతి ఎత్తి ఆమెతో కొట్లాడొద్దు. బిడ్డ బాగుండాదని మాత్రం చెప్పు.