కుంగని కుప్ప

జూన్ 4
తలకు పోసుకున్నా పోతలేదు చెత్తకుప్ప వాసన. ముద్ద నోట్ల పెడితే గదే. సగంల లేసిన. అమ్మ అలిగింది.

జూన్ 5
ఈ నెల గూడ కుప్ప కుంగలే! ఖేడ్ ఊరి చెత్తంతా ఏండ్ల సంది పోసి, మొరం మట్టి కప్పిన కుప్ప. మీద అక్కడక్కడ సున్నం పూసిన రాళ్లు పెట్టినం. నెలనెలా వాటి ఎత్తు కొలిచి, ఇంకెన్ని రోజులు కుంగుతదో, ఎంత కుంగుతదో అంచనా చెప్పుడు నా నౌకరి. లోపల మురుగుతనే ఉన్నది. పగుళ్లకెళ్లి వేడి, అంచులకెళ్లి నల్లనీళ్లు... ఛీ. మరి కుంగదేంది?
మా ఆఫీసు సారుకైతే పండుగే. "ఆగిపోయింది గదమ్మా, ఇగ షెడ్డు కట్టుడే." చెత్త ఏరే ఆడోళ్ల కోసం, కుప్ప మీదనే. ఎండలనే కూసుంటరు పాపం. వాళ్లల్ల పెద్దామె సుశీలమ్మ నేను పోయినప్పుడల్లా చాయ్ ఇస్తది, అడుగుతది — "షెడ్డు ఎప్పుడొస్తది బిడ్డా?"

జూన్ 9
మల్లొకసారి కొలుస్త, రేపొస్తనని చెప్పి ఇయ్యాలనే పోయిన. సుశీలమ్మ, ఇంకిద్దరు — నా రాళ్లు లేపుతున్నరు. కింద గంపలతోని మొరం పోసి, తొక్కి, మల్ల రాయి పెట్టి, సున్నం గూడ పూస్తున్నరు!
"ఏంది గిది?"
"నువ్వొస్తవని సాపు చేస్తున్నం బిడ్డా. గుంతల కాలు పడితే?"
నెలనెలా ఇదేనంట. ఎవరు చెయ్యమన్నరంటే — "ఎవరు చెప్పాలె? సార్లొస్తే ఎప్పుడు చేసేదే గదా."
కుప్ప కుంగుతనే ఉన్నది, కుంగినంత వీళ్లు రాళ్లను లేపుతున్నరు. నా లెక్కంతా మట్టిపాలు. ఆ మొరం బరువుకు ఇంకింత కుంగుతది. కొత్త మట్టి రంగు గూడ ఆనలే నా కండ్లకు. ఇంజనీరంట, థూ.

జూన్ 10
సారుకు చెప్పిన. నవ్విండు. "మంచిదే, ఇంకా గట్టిగైతది." నోట్ల తంబాకు, చుక్కలు టేబుల్ మీద పడుతున్నయి, నా కాయితం మీద గూడ. కాయితం గుంజుకొని, షెడ్డుకు వేరే జాగ చూడమన్న. "ఏడున్నది జాగ? కుంగుడు ఆగిందని సంతకం పెట్టు, సిమెంటు దింపుతరు."

జూన్ 11
ఎవరు మాట మోసిన్రో... షెడ్డు ఆపుతున్నది నేనేనని ఆడోళ్లకు తెలిసిపోయింది. చాయ్ లేదు. ఒకామె మొఖం మీదనే అన్నది — "నీకు పంకా కింద కుర్సీ ఉన్నది గదా."
కింద కుంగుతుంటే గోడలు పగులుతయి, పైకప్పు మీద పడుతదని చెప్పిన. బతిమిలాడినట్లే చెప్పిన.
సుశీలమ్మ చెత్త ఏరుకుంటనే — "పడనియ్యి మేడం. పడేదాంక నీడ ఉంటది గదా."
మేడం అన్నది.

జూన్ 13
కల్హేర్ దిక్కుకెళ్లి వాన దంచుతున్నది. వాళ్లు ప్లాస్టిక్ కవర్లు కప్పుకొని కుప్ప మీదనే ఉన్నరు. ఆగలే, ఏరుతనే ఉన్నరు. సారు ఫోన్ మీద ఫోన్. ఎత్తలే.
సంతకం పెట్టలే. పెట్టనని వాళ్లకు చెప్పే మొఖం గూడ లేదు.