కుడి బొటనవేలు

8 ఏప్రిల్ 1963, పెనుకొండ

నా ఆడబిడ్డ శ్యామలమ్మను ఈ రోజు ఇంటికి తెచ్చుకున్నాము. శివరాత్రికి పశుపతినాథుణ్ణి చూస్తానని యాత్రా పార్టీతో నేపాల్ వెళ్లింది. కొండదారిలో బస్సు బోల్తా పడింది. ఖాట్మండు ఆసుపత్రిలో కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేశారు.

గడప దాటగానే నేరుగా దొడ్లోకి పోయింది. చూలుతో ఉన్న తన ఎనుము మెడను ఎడమచేత్తో గీరింది. అప్పుడు గాని ఏడవలేదు. నా చెయ్యి ముందే పశుపతి కాడికి చేరిండాది వదినా, నేనే ఎనకబడినా అంది. కాఫీ పెట్టాను.

11 ఏప్రిల్, హిందూపురం

యాత్రకు ముందు అందరి చేత విదేశ ప్రయాణ బీమా చేయించిన ఏజెంటు ఆదినారాయణను కలిశాను. పాలసీ వెనక షరతులన్నీ చదివాను. చెయ్యి పోతే రెండు వేలు. అతను వాటిని ఎప్పుడూ చదవలేదట. ఏమవ్వా, నీకు ఇంగ్లీషు గూడా వస్తాదా అన్నాడు. నీకు రాకపోవడమే నాకు ఆశ్చర్యం అన్నాను. దుడ్లు యాడికీ పోవు, పదైదు దినాల్లో వస్తాయి అని ఫారం పంపించాడు.

రైలు టిక్కెట్ల ఖర్చంతా నా లెక్కలోనే రాశాను. తెలిస్తే శ్యామల ఒప్పుకోదు. చదువు రాదు కనుక తెలియదు.

19 ఏప్రిల్

పశువుల వ్యాపారి నల్లప్ప ఎనుమును బేరమాడడానికి వచ్చాడు. రేపు ఈనితే ఒంటి చేత్తో పాలెట్ల పిండుతావు, నాకిచ్చెయ్‌రాదా అన్నాడు. సగం ధర చెప్పాడు. పాలు పిండే మనిషికి జీతం నేనిస్తానన్నాను. శ్యామల వినదు. నీ దుడ్లతో పిండిస్తే అది నీ ఎనుమైతాది గాని నాదెట్లయితాది అంది. పెళ్లైన రెండేళ్లకే మొగుడు పోయినప్పటి నుంచి ఆ పాల మీదనే, ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా బతికింది. బీమా సొమ్ము రాకపోతే ఎనుము నల్లప్పదే.

27 ఏప్రిల్

ధర్మవరం బ్రాంచి నుంచి ఉత్తరం. పాలసీ మీద కుడి బొటనవేలి ముద్ర ఉన్నదట. కాబట్టి క్లెయిము ఫారం మీద కూడా కుడి బొటనవేలి ముద్రే వేసి పంపాలట.

28 ఏప్రిల్

కోపం తగ్గలేదు. ఏమీ రాయను.

3 మే, ధర్మవరం

మేనేజరుకు ముప్పై ఏళ్లుంటాయి. శ్యామల చెయ్యి చూశాడు. అయినా ఉత్తరంలో ఉన్నదే మళ్లీ చెప్పాడు. ఎడమ బొటనవేలు వేస్తామన్నాను. ఎడమది మగవాళ్లకు, ఆడవాళ్లకు కుడిదే అన్నాడు. మరి నేపాల్ పోయి ఎతుక్కొస్తావేమప్పా, బాగ్మతి ఒడ్డున పూడ్చినారంట అని శ్యామల అడిగింది. గుమాస్తా నవ్వి, మేనేజరు ముఖం చూసి దగ్గాడు. సంతకం చేయగలిగితే ఆలోచిస్తానన్నాడు మేనేజరు.

4 మే

నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు శ్యామలకు అక్షరాలు నేర్పబోతే పలక బావిలో వేసింది. ఈ రోజు మళ్లీ పలక కొన్నాను. ఎడమచేత్తో రాయనంది. తనది అమ్మవారి పేరు, ఆ చేత్తో ఎట్ల రాసేదని. పొద్దంతా వాదించాను. వినలేదు. సాయంత్రం దీపం పెట్టి, అమ్మవారి పటం ముందు కూర్చుంది. కుడిది ఆయమ్మ చూస్తాండంగానే పోయింది, ఎడమదానితో సర్దుకోమని చెప్పినా అంటూ వచ్చి పలక అందుకుంది.

15 మే

‘శ్యా’ కుదరడం లేదు. బలపం విరగ్గొట్టింది. నన్ను పోలీసమ్మ అంది. ఇంకో బలపం ఇచ్చాను.

22 మే, ధర్మవరం

శ్యామల సంతకం చేసింది. వంకరే, కానీ తప్పు లేదు. మేనేజరు పాలసీ తీసి చూపించాడు. ఇందులో చదువురాని మనిషి అని ఉన్నది, ఈమె సంతకం చేస్తున్నది, కాబట్టి ఈమే ఆమె అని నమ్మేదెలా అన్నాడు. సంతకం అడిగింది తానే.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకొని కూర్చున్నాను. కాగితం తీయమన్నాను. నేను చెప్పింది రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వమన్నాను. ఇరవై ఏళ్లు బడిలో డిక్టేషన్ చెప్పిన గొంతు ఇంకా పని చేస్తుంది. అతను పెన్ను తీశాడు. ‘కుడిచెయ్యి పోయినందుకు ఇవ్వవలసిన సొమ్మును, కుడిచేతి వేలిముద్ర వేయలేదు కనుక’ అన్నంతవరకు రాశాడు. ఆగాడు. మొదటి నుంచి చదువుకున్నాడు. మిగతాది చెప్పమంటారా అని అడిగాను.

కాగితం చింపబోయాడు. చించొద్దప్పా, నీ అచ్చరాలు గుండ్రంగా ఉండాయి, నేను దిద్దుకుంటా అంది శ్యామల.

గుమాస్తాను, ఇంకొకరిని సాక్షులుగా పిలిపించి, ఆ సంతకమే తీసుకున్నాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

17 జూన్

చెక్కు వచ్చింది. పూర్తి సొమ్ము. నల్లప్పను గడప దగ్గర నుంచే పంపేసింది. ఎనుము ఈనాక పాలు పిండడానికి మారెమ్మను కుదుర్చుకుంది, జీతం తానే మాట్లాడుకుంది. ఇక పలక అటక మీద పెట్టబోతే లాక్కుంది. పేరొక్కటే నేర్పి ఎగ్గొడతావా అని అడిగింది.

శ్రావణం, బేస్తవారం

వదిన కునుకు తీస్తాండాది. ఎనుము ఈనిండాది. పెయ్యదూడ. ఈ బుక్కు మొత్తం చదివినా. హిందూపురం టికిట్లు నా లెక్కలోకి మార్చు.

శ్యామలమ్మ, ఎడంచెయ్యి