అక్క కూలి

జూన్ 3
ఇరవయ్యో తేదీన బేరగాడు వస్తాడు. రెండు గేదెల్నీ ఉంచాలా, అమ్మాలా అన్నది ఈలోపు నేను తేల్చాలట. ఇంట్లో కాలేజీ మొహం చూసింది నేనొక్కదాన్నే కాబట్టి లెక్క నా నెత్తిన పడింది. నోటితో కడితే నాన్న మధ్యలో దూరి చెడగొడతాడు. అందుకే రాస్తున్నాను.

జూన్ 5
రాబడి: పాలు, దూడలు, పొలానికి పేడ. ఖర్చు: తవుడు, తెలగపిండి, డాక్టర్, పనివాళ్లు. మొక్కజొన్న చొప్ప మన పొలందే అయినా ధర కట్టాను. మన చొప్ప మనమే కొనుక్కోవాలా, రేపు పీల్చే గాలికి కూడా బిల్లు వేస్తావా అని నాన్న నవ్వాడు.
నిరుటి వరకూ లాభమే. అక్క పట్నంలో బట్టల ఫ్యాక్టరీకి వెళ్లిన నెల నుంచీ నష్టం.

జూన్ 6, సాయంత్రం
పాకలో పాలు పితుకుతూ అక్క తీసే కూనిరాగం లేదు. రోజూ ఆ లోటు కొత్తగానే ఉంటుంది.

జూన్ 9
పాలు పితికే మనిషి చేతులెత్తేశాడు. పెద్ద గేదె చేపడం లేదట. దూడని వదిలినా పాలు బిగబట్టేస్తోందట. అమ్మ అక్క పాత స్వెటర్ తెచ్చి నాన్నకి తొడిగింది. దాని చేతులు నాన్న మోచేతుల దాకానే వచ్చాయి. గేదె వాసన చూసింది. చేపింది. రేపట్నుంచి జడ కూడా వేస్తానంది అమ్మ. పితికే మనిషితో సహా అందరం నవ్వాం.
స్వెటర్ నేనే మడిచి పెట్టాను. ఉతకొద్దన్నాను. గేదె కోసమే అనుకున్నారు.

జూన్ 12
అక్క ఎందుకు వెళ్లిందో అమ్మని అడిగాను. పాక పనికి నెలకి ఇంతని తన చేతికివ్వమందట. ఇంటి పిల్లకి కూలేంటే అని నాన్న కొట్టిపారేశాడట. నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. నాకెవరూ చెప్పలేదు.

జూన్ 15
మొదట్నుంచీ మళ్లీ వేశాను. ఈ ఏడాది పితికే మనిషికి, గడ్డి కోసే మనిషికి కూలి ఖర్చులో ఉంది. పాత ఏళ్లలో ఆ రెండు పనులూ అక్కవే, ఖర్చు సున్నా. అక్కకీ అదే కూలి వేసి చూశాను. లాభం పోయింది. ఏ ఏడాదీ మిగల్లేదు. మిగిలిందనుకున్నదంతా అక్క కూలే. నా ఫీజు కట్టింది అందులోంచే.
నాన్నకి చదివి వినిపించాను. అంటే నేను లాభం తిన్నాననుకుంటూ పిల్ల రెక్కల కష్టం తిన్నానా అన్నాడు. తర్వాత, అక్కకి కూలి ఇచ్చేలా మూడో గేదెని కొంటే ఎలా ఉంటుందో కట్టమన్నాడు.

జూన్ 16, అక్కకి ఫోన్లో పెట్టిన మెసేజ్
అక్కా, మూడు గేదెలుంటే మేత ఖర్చులు పోను నీ ఫ్యాక్టరీ జీతంలో ముప్పావు వంతు వస్తుంది. నాన్న నీ చేతికే ఇస్తానన్నాడు. మిగతా పావు ఎక్కడ తేవాలో నాకింకా తెలియలేదు. మా మీద జాలిపడి మాత్రం రావొద్దు. నీ కూలి ఎంత వేయమంటావో పందొమ్మిదిలోగా రాయి.