లేత్‌కు మేపుల్ పుల్లీ

ఓక్‌విల్, 2022 అక్టోబరు

నాన్నా, ఫోన్లో నీకు మాట సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. నేను బాగున్నాను, దిగులు పడకు.

మా ఇంటి ఓనరు శేషగిరి అంకుల్ గరాజ్‌లో చెక్కను తిప్పి చెక్కే పాత లేత్ ఉంది. పుట్టబోయే మనవడికో మనవరాలికో ఆయన ఉయ్యాల కాళ్లకు కోళ్లు తీయడం మొదలుపెట్టగానే బెల్టు తిరిగే పుల్లీ పగిలింది. "ఆ కంపెనీయే మూతపడిందమ్మా, పార్ట్ ఎక్కడా దొరకట్లేదు. స్క్రాప్‌కి ఇచ్చేస్తా" అన్నారు. "చెక్కతో చేద్దాం అంకుల్, లక్క బొమ్మలు చేసే మా నాన్న తన లేత్‌కి అలాగే చేసుకుంటారు" అన్నాను.

కాలేజీ వర్క్‌షాప్‌లో ఇక్కడ దొరికే మేపుల్ చెక్కతో పుల్లీ తీశాను. మొదటిది బెల్టు ఎక్కించగానే చీలిపోయింది. అప్పుడు నువ్వు చేసినట్టే పలకలను అడ్డంగా, నిలువుగా అతికించి ఇంకొకటి తీశాను. అది నిలిచింది. లేత్ చప్పుడు విని అంకుల్ భార్య కమలకుమారి ఆంటీ పిండి చేతులతోనే వచ్చేశారు. అంకుల్ ఉలి నా చేతికిచ్చి, "తొలి కోడు నువ్వే తియ్యమ్మా" అన్నారు. ఆంటీ నీ పేరడిగి, "ఈ ఉయ్యాలలో మీ నాన్న చెయ్యి కూడా ఉందని ఆయనకి రాయి" అన్నారు.

డిసెంబరులో మన ఊరి తారక్ ఇక్కడికి వస్తున్నాడు, అతనితో రంగు లక్క, మెరుగు పెట్టడానికి మొగలాకు పంపు. ఉయ్యాలకు రంగు నేనే వేస్తానన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెవి మిషను పెట్టుకుంటున్నావా? చెల్లి సుధ నీ లేత్ దగ్గరికి వస్తే చదువుకోమని లేపేయకు. నన్ను కూర్చోబెట్టుకున్నట్టే దాన్నీ పక్కన కూర్చోబెట్టుకో.

అమ్మకూ నీకూ దండాలతో,
ధాత్రి