ఇరవై ఎనిమిది ఇంచుల వంజరం

తెల్లవారుజాము నుంచి ముసురు పడుతోంది. కొత్తపేటలో మా కొట్టు ముందు చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. సముద్రంలో వేట నిషేధం ముగిశాక వచ్చిన మొదటి బండి ఇవాళే దిగింది. ఐసు దించుకుని, పద్నాలుగు చేపలు కోసి, చేతులు కడుక్కుని ఇది రాస్తున్నాను.

నేను, పేతురు, తండ్రి యేసోబు, వయసు అరవై తొమ్మిది, చేపల వ్యాపారిని. నల్గొండ జిల్లా నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాను. మోకాళ్లు చెడిపోయాయి గాని బుద్ధి సరిగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో ఇక్కడ నిర్ణయిస్తున్నాను. నాకు చేపలు పంపే భానుమూర్తి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అది ఒత్తిడి కిందికి రాదని కూడా రాయమన్నాడు. రాశాను.

1. బడంగ్‌పేట్ ఇల్లు, రెండు గదులు, పైన రేకుల షెడ్డుతో సహా నా భార్య కిష్టమ్మకు దఖలు. నలభై నాలుగేళ్లు చేపలవాడితో కాపురం చేసినా ఆమె చేప తినదు. పులుసు కలుపుకుంటుంది, ముక్క నా కంచంలో వేస్తుంది. అలా చేస్తే తిననట్టేనని ఆమె నమ్మకం. నా చేతుల వాసన గురించి ఒక్కనాడూ మాట అనలేదు. కిటికీ వైపు మంచం కూడా ఆమెదే. ఇన్నాళ్లూ దాని మీద నేను పడుకున్నాను.

2. కొట్టు ఎవరికన్నది రాసే ముందు ఒక సంగతి రాయాలి. భానుమూర్తిది సముద్రపొడ్డున ఒక పాలెం. పడవలున్న మనిషి. ముప్పై ఏళ్లుగా మాకు వంజరం పంపుతున్నాడు. మొదట్లో పెళ్లి వంటలవాళ్లు కంచంలో పట్టే చేప అడిగేవాళ్లు. చిన్నవి పంపమని అతనికి చెప్పింది నేనే. పాలెం చిన్నకన్ను వలలు కుట్టించింది. గుడ్లు పెట్టే వయసు రాకముందే పిల్ల వంజరాలన్నీ ఎల్బీనగర్ ఫంక్షన్ హాళ్లలో వేగిపోయాయి. పన్నెండేళ్లలో వల ఖాళీ అయింది. పడవలు ఇసుక మీద ఎండాయి. అప్పుడు భానుమూర్తి వచ్చి, 'పిల్లల్ని మీరు తిన్నారు, తల్లుల్ని మేం అమ్ముకున్నాం. ఇంక ఎవరు పుట్టిస్తారండీ, నేనూ మీరూనా?' అన్నాడు.

ఆ రోజు ఒప్పందం చేసుకున్నాం. చేపలు కోసే చింతమొద్దు మీద ఇరవై ఎనిమిది ఇంచుల ఎడంతో రెండు మేకులు కొట్టాను. ఆ మేకుల మధ్య దూరానికి చాలని వంజరం మా కొట్టు కొనదు. ఆ మాట మీద పాలెం వలలు మార్చింది. రెండేళ్లకు కవళ్ల లాంటి చిన్నచేపలు తిరిగొచ్చాయి. అవి తొందరగా ఎదుగుతాయి. ఆరో ఏడు నిండు వంజరం వచ్చింది. ఒక పెద్ద తల్లి పెట్టే గుడ్లు పది చిన్న తల్లులు కూడా పెట్టలేవని భానుమూర్తి అంటాడు. అందుకని మరీ పెద్దవాటిని కూడా వదిలేస్తున్నారు. సొరచేప ఇంకా రాలేదు.

3. ఈ ఏప్రిల్‌లో నేను మోకాళ్ల కోసం దవాఖానలో ఉండగా నా కొడుకు ఆనంద్ కుమార్ ఒక మేకు పీకి, లోపలికి జరిపి కొట్టాడు. నా చూపు మందగించింది. తిరిగి వచ్చాక మృగశిర కార్తె దాకా ఆ మేకులనే నమ్మి, ఎవరో దొంగవేటలో తెచ్చిన పిల్ల వంజరాలు నా చేతులతోనే కోశాను. మృగశిర నాడు ఈ పట్నమంతా చేప తింటుంది. కొట్టు ముందు జనం బారు కట్టారు. బ్లౌజులు కుట్టే నా కోడలు జోస్నా సాయానికి వచ్చి, మెడలోని టేపు తీసి మొద్దు మీద పెట్టి, అందరి ముందూ అన్నది: 'మామా, నీ మొద్దు ఎనిమిది ఇంచులు గుంజుకున్నది. ఉతికి ఆరేసినవా ఏంది?'

ఆనంద్ కుమార్ జవాబు కూడా రాస్తున్నాను, న్యాయం కోసం. 'బాపూ, గిరాకీ చిన్నదే అడుగుతరు. మనం కొనకుంటే పక్కోడు కొంటడు.' పాతికేళ్ల కింద నేనూ సరిగ్గా ఇదే అన్నాను. కబురు పాలేనికి చేరింది. వాళ్ల పాత వలలు ఇంకా చూరు కిందే ఉన్నాయి. మళ్లీ దించుతామంటున్నారు. భానుమూర్తి కాగితం లేకుండా తిరిగి వెళ్లనని వచ్చాడు.

4. కాబట్టి కొట్టు, చింతమొద్దు, కత్తులు, ఐసు పెట్టెలు నా కోడలు జోస్నాకు దఖలు. ఆమె టేపే ఇకపై కొలత.

5. ఆనంద్ కుమార్ వచ్చే వేట నిషేధం దాకా పాలెంలో ఉండి, పడవ ఎక్కి, వలలో పడ్డ పిల్లచేపను బతికుండగా తన చేత్తో నీళ్లలో వదలాలి. అలా చేశాడని భానుమూర్తి చెబితే కొట్టులో సగం అతనిది. వెళ్లకపోతే జోస్నా దగ్గర కూలికి చేపలు కోయవచ్చు. ఆమె చెప్పినంత ముక్కే కోయాలి. వాడు చెడ్డవాడు కాదు. సముద్రం చూడలేదు, అంతే. నేనూ చూడకుండానే దాన్ని ఖాళీ చేశాను.

6. చంపాపేట్ అండాలమ్మకు నా ప్లాస్టిక్ కుర్చీ. బిడ్డ కాన్పయినప్పుడల్లా, బాలింతకు పాలు పడతాయని సొరపిట్టు వండడానికి చేప కోసం వచ్చి దాన్లోనే కూర్చుని తిట్టేది. 'అన్నా, గంత సముద్రంల గొక్క సొర దొరకదా?' సొర ఎదగడానికి ఏళ్లు పడుతుంది, కనేది కొన్ని పిల్లలనే. అండాలమ్మ బిడ్డకు ఆరుగురు. ఆ లెక్కన సొరే వెనకబడింది.

7. నేను నిషేధం రోజుల్లో పోతే భోజనాల్లో సముద్రపు చేప వండరాదు. గుడ్డుకూర చాలు. పాస్టరు గారు అడిగినా సరే.

8. దీన్ని అమలు జరపవలసింది పక్క మందుల షాపు చక్రపాణి. అతను శాకాహారి, పక్షపాతం ఉండదు.

16 జూన్ 2025, సోమవారం, కొత్తపేట.

(సంతకం) పేతురు

సాక్షులు: చక్రపాణి, పట్టాభి

సాక్షి పట్టాభి రాసింది: పై కాగితం మధ్యాహ్నం రెండింటికి అందరి ముందూ చదివారు. ఐదో నిబంధన దగ్గర ఆనంద్ కుమార్ లేచి బయటికి వెళ్లాడు. భానుమూర్తి సాయంత్రం ఐదున్నరకు ఎల్బీనగర్‌లో బస్సెక్కాడు. ఆనంద్ కుమార్ అదే బస్సులో వెళ్లాడు.