లే తాతా

మార్చి 3, సోమవారం
కోడలు పోయి రెండు నెలలు. మనవరాలికి రెండున్నరేళ్లు. వాళ్లమ్మ ఉన్నప్పుడు చీమల వెనకాల పాకేది. ఇప్పుడు చీమ కనబడితే చాలు, మావాడి మెడ పట్టుకుని ఒకటే కేక. కాలు కింద పెట్టదు. వాడు డ్యూటీకి ఎట్లా పోతాడు? ఆదివారం వచ్చి పిల్లని తీసుకుపోతానని దాని పెద్దమ్మ ఫోన్ చేసింది. మగాళ్లిద్దరూ ఏం పెంచుతారు అందట. నలభై ఏళ్లు ఇళ్లల్లో పురుగుమందు కొట్టినవాణ్ణి. నా ఇంట్లో పురుగు భయమా? నలుగురూ వింటే నవ్విపోతారు.

మార్చి 4
దాని ఎదురుగానే చెప్పుతో ఒక బొద్దింకని కొట్టాను. చూశావా, ఇంతే అన్నాను. బుడ్డది నిక్కరు తడుపుకుంది.

మార్చి 5, పొద్దున
అటక మీంచి శాంపిల్ సీసా దించాను. కస్టమర్లకి చూపించేది. బొద్దింకలు, చెదలు, జెర్రి, అన్నీ ఎండినవి. దాని చేతికిచ్చాను. ఒక్కటీ కదలదే, నిన్నేం చేస్తాయి అన్నాను. కాసేపు చూసింది. సీసా ఊపింది. లే, లే అంది. అవింక లేవవే పిచ్చిమొహమా అన్నాను. అంతే. ఊపిరి బిగబట్టి నల్లబడిపోయింది. మావాడు పిల్లని లాక్కున్నాడు. నీకు బుర్రుందా నాన్నా అన్నాడు. నన్నింతవరకూ ఎవడూ అంత మాట అనలేదు.

అదే రోజు, మధ్యాహ్నం
కునుకు పట్టింది. ఎవరో నా కనురెప్పలు లాగుతున్నారు. బుడ్డది. మంచం దిగి తనే నడిచొచ్చింది. లే తాతా అని ఏడుస్తోంది. లేచానే, ఇదిగో లేచాను అన్నాను. మావాడికి చెప్తే గోడవైపు తిరిగాడు. పోయిన కోడల్ని హాల్లో పడుకోబెట్టినప్పుడూ పిల్ల ఇట్లాగే రెప్పలు లాగిందట. అప్పుడు నేను బయట కుర్చీలు వేయిస్తున్నాను. చూడలేదు.
దానికి పురుగంటే భయం కాదు. పురుగు కనబడితే ఈ ఇంట్లో తర్వాత ఏం జరుగుతుందో దానికి తెలుసు. చెప్పు నాదే.

మార్చి 6
సీసా పారేశాను.

మార్చి 7
సాలీడు మీద గ్లాసు బోర్లించి, కిందికి క్యాలెండరు అట్ట తోశాను. చంపడం వచ్చు. ప్రాణంతో పట్టుకోవడం నాకెవడు నేర్పాడు? పెరటి గోడ మీద వదిలితే పరుగే పరుగు. వెళ్లిపోయింది అంది బుడ్డది. వాళ్లింటికి వెళ్లిందే అన్నాను. నవ్వింది.

మార్చి 8
అట్ట తనే తోసింది. నాలుగు చీమలు. ఈగ నా చేతిలోంచి జారిపోయింది. నీకు రాదు తాతా అంది. రాదే తల్లీ, ఒప్పుకుంటున్నా అన్నాను.

మార్చి 9, ఆదివారం
పెద్దమ్మ వచ్చింది, పిల్ల బట్టలకని బ్యాగుతో. బుడ్డది నేల మీద బోర్లా పడుకుని చీమకి దారి చూపిస్తోంది. ఆమె అట్లాగే నిలబడిపోయింది. పిల్లని ఇక్కడే ఉండనివ్వండి మావయ్యగారూ అంది. టీ కూడా తాగలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. మా కోడలి కళ్లే.

మార్చి 11
అమ్మని ఎక్కడ వదిలావు తాతా అని అడిగింది.
గ్లాసు కడుగుతూ నిలబడ్డాను.