డాక్టరమ్మగారి దుమ్ము మిషను

పటమట,
19-8-1974

అన్నయ్యా,

మీరంతా కులాసాయే కదా. మనింట్లో ఉన్న దుమ్ము లాగే మిషను నాన్న తను పనిచేసిన ఆస్పత్రి దొరసాని డాక్టరమ్మగారి బంగళాలో దొంగిలించిందేనన్న నింద, ఆయన పోయిన రెండేళ్లకు తొలగిపోయింది. దాని ఇత్తడి రేకు మీది నంబరు రాసి, లండన్‌లోని కంపెనీకి ఉత్తరం వేశాను. 1931లో దాన్ని కొన్న డాక్టరమ్మగారి అడ్రసు వాళ్లు వెతికి పంపారు. నాన్న గురించి ఆవిడ తెలుగులోనే జవాబు రాశారు: "జక్కయ్యకు నేనే బహుమానంగా ఇచ్చాను. నా ఆస్పత్రిని అతనంత శుభ్రంగా ఎవరూ ఉంచలేదు."

నిన్న ఆదివారం పాస్టరుగారు ఆ ఉత్తరం చర్చిలో మైకులో చదివారు. మొదట నింద వేసిన ఇశ్రాయేలు, అమ్మ దగ్గరికొచ్చి, "తప్పయిపోయింది అక్కా" అన్నాడు మెల్లగా.

"ఆ మాట కూడా మైకులోనే చెప్పు" అంది అమ్మ.

చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ కడుపునిండా అన్నం తింది అన్నయ్యా.

నీ చెల్లెలు